వదినగారు చదివి పెట్టిన ఉత్తరాలు

మా ఆయన ఏలూరులో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. కథ అన్నాక ఐదు మెట్లుండాలని, మూడు ఎక్కి రెండు దిగాలని, ఆ వరస తప్పితే అది కథ కాదు, ఊసుపోని కబుర్లని ఆయన నమ్మకం. పక్కింటి అత్తాకోడళ్ళ తగవు చెబుతున్నా మధ్యలో ఆపి, ముడి ఎక్కడ పడిందో ముందు అది చెప్పమనేవారు. నేనిప్పుడు చెప్పబోయేదానికి మెట్లు సరిగ్గా కుదురుతాయో లేదో నాకు తెలియదు. ఆయన ఉంటే నాలుగు చోట్ల ఎర్రసిరా పెట్టేవారు. ఇప్పుడు ఆయన లేరు కనుక నాకు తోచినట్టు చెబుతాను.

మాది కొల్లేటి ఒడ్డున ఒక పల్లెటూరు. ఊళ్ళో బడి లేదు. ఉన్నా మా నాన్న నన్ను పంపేవాడు కాదు. నాకు పదహారో ఏడు నడుస్తుండగా తాడేపల్లిగూడెం నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు బి.ఏ. ప్యాసయినవాడు. చదువుకున్న పిల్లయితేనే చేసుకుంటానని పట్టుబట్టాడట. మా నాన్న ఏమాత్రం తడుముకోకుండా, "మా పిల్ల అన్నీ చదివేస్తుందండీ" అన్నాడు. ఆ అన్నీ ఏమిటో ఆయనకూ తెలియదు, ఆయనకూ చదువు రాదు కదా.

పెళ్ళిచూపులకు వారం ముందు మా మేనమామ వచ్చి నా పేరు పలక మీద రాసి దిద్దించాడు. అక్షరాలని నేననుకోలేదు. ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను, ఎక్కడ చెయ్యి మొదలుపెట్టాలి, ఎక్కడ మెలిక తిప్పాలి అని. మగపెళ్ళివారు కాగితం, కలం ఇచ్చి పేరు రాయమన్నారు. రాశాను. ముగ్గులు పెట్టిన చెయ్యి కనుక గుండ్రంగా వచ్చింది. "దస్తూరీ ముచ్చటగా ఉందండీ" అన్నాడు పెళ్ళికొడుకు. ఆ ఒక్క మాటతో నా పెళ్ళి కుదిరిపోయింది. అబద్ధంతో కాపురం మొదలుపెడుతున్నానని పీటల మీద కూర్చున్నప్పుడు తెలుసు. తెలిసి కూడా ఆయన వైపు ఓరగా చూసి సంతోషపడ్డాను, ఎందుకంటే ఆయన చూడటానికి బాగుండేవారు.

పెళ్ళయిన నెలకే ఆయనకు స్కూలు హాస్టలు పెత్తనం అప్పజెప్పారు. వార్డెను పిల్లలతోపాటే ఉండాలి, భార్యకు అక్కడ చోటు లేదు. ఆ పని తప్పగానే ఏలూరులో ఇల్లు చూసి తీసుకెళతానన్నారు, అదీ నాతో కాదు, వాళ్ళమ్మతో. నేను గూడెంలో మా అత్తగారి దగ్గర ఉండిపోయాను. అత్తగారికి కీళ్ళవాతం, మంచం దిగితే ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఇంట్లో ఇంకో మనిషి మా ఆయన అక్కగారు. ఆవిడ నాకంటే పదకొండేళ్ళు పెద్ద. పన్నెండో ఏట పెళ్ళయితే పదమూడో ఏట భర్త పోయాడు. అప్పటినుంచీ పుట్టింట్లోనే తెల్లచీర కట్టుకుని ఉంది. తమ్ముడు బడికి వెళుతుంటే వాడి పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. ఆవిడను నేను వదినగారూ అని పిలిచేదాన్ని.

ఏలూరు ఎంత దూరమని. పొద్దున రైలెక్కితే భోజనం వేళకు గూడెంలో ఉండొచ్చు. కానీ ఆయన పండగ సెలవులకు తప్ప వచ్చేవారు కాదు. వచ్చినా పగలంతా వీధి అరుగు మీద పుస్తకం, నాతో మాట్లాడాలంటే ఆయనకు నాకంటే ఎక్కువ సిగ్గు. "మంచినీళ్ళు" అనేవారు, నేను తెచ్చి ఇచ్చేదాన్ని, మూడు రోజుల్లో మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ దాదాపు అంతే. ఆయన వెళ్ళిపోయాక మాత్రం ప్రాణం ఉసూరుమనేది. స్టేషన్లో రైలు కూత వినపడినప్పుడల్లా చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని. వదినగారు చూసీ చూడనట్టు ఊరుకునేది.

పెళ్ళయిన నాలుగో నెలలో మొదటి ఉత్తరం వచ్చింది. పోస్టు బంట్రోతు నా పేరు పైకి చదివి మరీ ఇచ్చి వెళ్ళాడు. అత్తగారు మంచం మీద నుంచి, "చదువమ్మా, మావాడు ఏం రాశాడో విందాం" అంది. కవరు అటూ ఇటూ తిప్పాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇవాళ్టితో నా బతుకు బయటపడుతుంది, రేపు రైల్లో మా ఊరు పంపేస్తారు అనుకున్నాను. అప్పుడు వదినగారు వంటింట్లోంచి వచ్చి, "మొగుడు రాసిన ఉత్తరం నలుగురిలో ఎలా చదువుతుందే అమ్మా, నువ్వు మరీనూ" అని నవ్వి, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. బావి పక్కన రాతి మీద కూర్చోబెట్టింది.

"చదువు రాదు కదూ?" అంది.

తల ఊపాను. ఇంక ఏడుపు ఆగలేదు.

"ఏడవకు. నాకు వచ్చుగా. ఇలా ఇయ్యి, నేను చదివి పెడతాను."

కవరు విప్పింది. మడత విప్పి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. నేను ఆవిడ మొహంలోకే చూస్తున్నాను. తర్వాత గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "ఉభయకుశలోపరి" అని చదివి ఆగింది. ఆ మాటకు అర్థమేమిటి వదినగారూ అని అడిగాను. "ఉభయ అంటే ఇద్దరం. నువ్వూ నేనూ. మనిద్దరి క్షేమం కంటే నాకు పైన ఇంకేమీ లేదు అని" అంది. నేను ఆ రోజంతా ఆ మాటను చప్పరిస్తూ తిరిగాను. పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయి అత్తగారి చేత చీవాట్లు తిన్నాను. ఒక్క మాటలో ఇంత చెప్పగల మనిషి నా భర్త అని ఎంత పొంగిపోయానో.

ఆ ఉత్తరంలో ఇంకా చాలా ఉంది. హాస్టలు కిటికీలోంచి ఏలూరు కాలవ కనిపిస్తుందని, అందులో పడవ వెళుతుంటే నేను కొల్లేటి పిల్లనని గుర్తొస్తుందని, పీటల మీద నా చెయ్యి చల్లగా ఉందని, భయపడ్డానేమోనని ఇప్పటికీ అనుకుంటుంటానని రాశారు. నా చెయ్యి నిజంగానే చల్లగా ఉందా అని నేను నా చేతిని పట్టుకుని చూసుకున్నాను.

రెండో ఉత్తరం చూపిస్తూ వదినగారు కాగితం వెనకవైపు తిప్పింది. అక్కడ కొండలాంటి బొమ్మ గీసి ఉంది. ఒకవైపు నుంచి పైకి ఎక్కి, రెండోవైపు దిగే గీత, మధ్యమధ్య ఐదు గుర్తులు. చుట్టూ ఏవేవో రాతలు. "ఇది ద్వారకా తిరుమల కొండా?" అని అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత ఆ రాతల వైపు కళ్ళు చిట్లించి చూసింది. "కాదు. కథ. మావాడు నీకొక కథ చెబుతాడట. పెళ్ళి, దాపరికం ఉన్న కథ. ఒక్కో ఉత్తరానికి ఒక్కో మెట్టు. మొదలు, ముడి, బిగింపు, సడలింపు, విడుపు. ఐదూ ఇక్కడే రాశాడు" అంది. నేను ఆ కొండను వేలితో ఎక్కి దిగాను. చదువు రానిదానికి కూడా బొమ్మ అర్థమవుతుంది కదా, నా కోసమే గీశారనుకున్నాను.

కథ ఇది. కొల్లేటి నడుమ ఒక లంకలో ఒకాయన, పెళ్ళయిన ఏడాదికి అమ్మవారు పోసి చూపు పోయింది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని భార్యను అడుగుతాడు, నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, గూడబాతులు దిగాయా అని. అది మొదలు. ఆ ఏడు వానలు లేవు. కొల్లేరు నెర్రెలు విచ్చింది. భార్య ఆ మాట చెప్పలేక, నీళ్ళు గట్టు దాకా వచ్చాయని చెప్పింది. అది ముడి. తర్వాత రోజూ చెప్పాలి కదా. ఇవాళ ఎన్ని దోనెలు వెళ్ళాయి, కలువలు ఎటువైపు పూశాయి, ఏ పక్షి ఏ చెట్టు మీద గూడు కట్టింది. ఎక్కడో సంతలో చేపలు కొనుక్కొచ్చి మన రేవులో పడ్డాయని చెప్పి వండి పెట్టేది. ఆయన ఇష్టంగా తినేవాడు. చెబుతూ చెబుతూ ఆవిడకే నీళ్ళు కనిపించడం మొదలైంది. అది బిగింపు. ఆ మెట్టు మీద రెండు ఉత్తరాలు నడిచాయి.

నేను చెప్పే జవాబులు కూడా వదినగారే రాసేది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే బావి దగ్గర కూర్చునేవాళ్ళం. నేను "ఏవండీ" అని మొదలుపెట్టి నోటికొచ్చిందల్లా చెప్పేదాన్ని. ఎదుట ఉంటే ఒక్కటీ అనగలిగేదాన్ని కాదు. ఆయన విడిచి వెళ్ళిన చొక్కా ఉతక్కుండా వారం ఉంచానని, రైలు కూతలను బట్టి వేళ తెలుసుకోవడం వచ్చేసిందని, ఈ వయసు ఇలా గుమ్మంలోనే అయిపోతుందేమోనని భయంగా ఉందని. వదినగారి కలం ఆడుతూనే ఉండేది. నేను ఆగితే తల ఎత్తకుండా "ఊఁ, ఇంకా?" అనేది. ఇంకా ఉండేవి నా దగ్గర.

ఏడాది గడిచింది. ఒక ఉత్తరంలో కథ కొన మీదకు ఎక్కింది. ఆ గుడ్డాయన ఒకరోజు మూలనున్న తెడ్డు తడుముకుని తీసుకుని, "నన్ను దోనె ఎక్కించు. ఒక్కసారి నీళ్ళలో చెయ్యి పెట్టాలని ఉంది" అన్నాడు. భార్య నిలబడిపోయింది. అంతవరకే. అడుగున నాకు ఒక ప్రశ్న ఉంది: ఇప్పుడు ఆమె ఏం చెయ్యాలి, నువ్వు చెప్పు.

నేను రెండు రోజులు ఆలోచించాను. ఆ ప్రశ్న నా గురించేనని నాకు భయం వేసింది. నా అబద్ధం ఆయనకు తెలిసిపోయిందని, కథ పేరు పెట్టి నన్ను అడుగుతున్నారని అనుకున్నాను. మూడో రోజు వదినగారిని కూర్చోబెట్టి జవాబు చెప్పాను.

"ఏవండీ, చెప్పకపోతే అతను పోయేదాకా సుఖంగానే ఉంటాడండి. కానీ ముట్టుకోవాలని ఉందన్నాడు కదండీ. ముట్టుకోవాలని ఉన్నవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఉంచడం పాపం. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. అక్కడ నీళ్ళున్నా లేకపోయినా అది అతని కొల్లేరు."

వదినగారి కలం ఆగిపోయింది. "రాశారా?" అని అడిగాను. "రాశాను" అంది. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ బావి దగ్గరకు పలక తెచ్చింది. "అ దిద్దు" అంది.

నేర్చుకోవడం నాకు కష్టం కాలేదు, ముగ్గుల చెయ్యి కదా. నేర్పడమే ఆవిడకు కష్టమైనట్టుంది. నేను ఒక వరస చకచకా చదివేస్తే మెచ్చుకునేది కాదు, మొహం తిప్పుకునేది. నేను పట్టించుకోలేదు. నాకు ఒక్కటే ఆత్రం, ఆయన ఉత్తరాలు నా కళ్ళతో నేను చదువుకోవాలి. ఆవిడ చదివేటప్పుడు ఎంతైనా ఆవిడ గొంతు. ఆయన చెయ్యి తగిలిన అక్షరాలను నేనే పలకాలి, మధ్యలో ఎవరూ ఉండకూడదు. ఒత్తులు, గుణింతాలు అయ్యాక, గొలుసుకట్టు రాత పట్టుబడ్డాక, వదినగారు ఉత్తరాల కట్ట నా ఒళ్ళో పెట్టి, "ఇంక చదువుకో" అని లోపలికి వెళ్ళిపోయింది.

అన్నిటికంటే కింద ఉన్న మొదటి ఉత్తరం తీశాను. "చి.ల.సౌ. కు ఆశీస్సులు. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అమ్మ కాలినొప్పికి తైలం పంపుతున్నాను, రెండు పూటలా పట్టించవలెను. నా పంచెలు రెండు చలవ చేయించి ఎవరైనా వచ్చేటప్పుడు పంపవలెను." కింద సంతకం. వెనక్కి తిప్పాను. ఇంగ్లీషు రాత. ఇంకోటి తీశాను. తైలం అందినదా. ఇంకోటి. గొడుగు కర్ర విరిగినది. పదమూడు ఉత్తరాలూ తిరగేశాను. కాలవ లేదు, పడవ లేదు, నా చెయ్యి లేదు. కొండ బొమ్మ ఉంది కానీ అది పాడైపోయిన పాఠం కాగితం. ఆయనకు కాగితం పారేయడం ఇష్టం ఉండదు. పిల్లలకు చెప్పే పాఠం ఒకవైపు, భార్యకు రాసే ఉత్తరం రెండోవైపు. ఇంగ్లీషు మధ్య ఆ ఐదు మాటలు, ఇంకా పెళ్ళి, దాపరికం అనే రెండు మాటలు తెలుగులో అర్థాలుగా రాసి ఉన్నాయి. అంతే ఆ కథ. ఆ ఇంట్లోనే మా నాన్న గేదె ఈనిందని రాయించి పంపిన కార్డు ఉంటే తీసి చూశాను. దాని మొదట్లోనూ ఉభయకుశలోపరి అనే ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వదినగారు వంటింట్లో వంకాయలు తరుగుతోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఆ మాటలన్నీ ఎవరివండీ?"

"నావే" అంది, కత్తిపీట మీద నుంచి లేవకుండానే.

"ఎందుకలా చేశారు?"

"మొదటి రోజు నువ్వు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నావమ్మా. పంచెలు చలవ చేయించమన్నాడని చెప్పడానికి నోరు రాలేదు. ఆ పూటకని చెప్పాను. తర్వాత నువ్వు మళ్ళీ అలాగే చూశావు."

"మరి నేను చెప్పినవి? ఆయనకు రాశారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. రాయలేదు. ఎలా రాస్తుంది, ఆయన అనని మాటలకు నేనిచ్చిన జవాబులు అవి. తైలం అందింది, పంచెలు పంపుతున్నాము అని నా పేరుతో రెండు ముక్కలు రాసి పోస్టు చేసేదట. అప్పుడు తట్టింది నాకు. ఏడాదిన్నర పాటు నా మనసులో ఉన్నదంతా విన్నది ఈవిడ ఒక్కతే. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గేస్తే మనిషి నోటికి ఎంతమాటయినా వస్తుంది. "మీకు లేని కాపురం నా కాపురంలో చేశారు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇన్నేళ్ళయినా వెనక్కి తీసుకోవడానికి దారి దొరకలేదు. వదినగారు వంకాయలు తరగడం పూర్తిచేసి, లేచి పొయ్యి రాజేసింది.

ఆ తర్వాత నెల తిరక్కుండా ఆయనకు హాస్టలు పని తప్పింది. ఏలూరులో ఇల్లు చూశానని కబురు చేశారు. నేను ప్రయాణమైన రోజు వదినగారు వెనకగదిలోంచి బయటికి రాలేదు. భర్త పోయిన మనిషి ప్రయాణానికి ఎదురు రాకూడదంటారు కనుక ఆవిడ ఎప్పుడూ అలాగే చేసేది. వెళ్ళేవాళ్ళే లోపలికి వెళ్ళి చెప్పి రావాలి. నేను వెళ్ళలేదు. బండెక్కి కూర్చున్నాను. తలుపు సందులోంచి తెల్లచీర అంచు కనిపించింది, మొహం తిప్పుకున్నాను.

ఏలూరులో మా ఇల్లు నిజంగానే కాలవకు దగ్గర. వారం రోజులు చూసి ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆయనతో నిజం చెప్పేశాను. పెళ్ళినాటికి నాకు చదువు రాదని, మొన్నమొన్ననే నేర్చుకున్నానని. ఆయన ముద్ద కలుపుతూ, "తెలుసు" అన్నారు.

"ఎలా తెలుసండీ?"

"మా అక్క చేతిరాత నాకు తెలియదా? మొదటి జవాబుతోనే తెలిసింది."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారండీ?"

"చెబితే నువ్వు సిగ్గుపడి జవాబు రాయించడం కూడా మానేస్తావనుకున్నాను." ఇంకో ముద్ద తిని, "నేను పిల్లలకు చెప్పే కథ ఒకటుంది. భార్య ఒక సంగతి దాస్తుంది. భర్త కనిపెట్టీ కనిపెట్టనట్టు ఉంటాడు. అతనికి తెలుసన్న సంగతి చదివేవాడికి ఐదో మెట్టు దాకా తెలియకూడదు. అదే అందులో పనితనం. పరీక్షలో తప్పకుండా వస్తుంది" అన్నారు.

ఆ కథలో భర్త ఉత్తరాల్లో పంచెల గురించి రాస్తాడా అని అడగాలనిపించింది. అడిగాను కూడా, ఇంకో రకంగా. "అంత తెలిసినవారు ఒక్క మంచిమాటైనా రాయలేదేమండీ?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మా అక్క చదువుతుందని తెలిసి ఇంకేం రాస్తాను? చిన్నప్పుడే భర్త పోయిన మనిషి" అన్నారు.

ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన మనసులో ఉండే ఉంటుంది, అడ్డం ఉండి రాయలేదు, అంతే. కాలవ, పడవ, చల్లటి చెయ్యి, అన్నీ ఆ మనిషి లోపలే ఎక్కడో ఉన్నాయి. ఈసారి ఎప్పుడైనా దూరం వెళితే నాకు రాస్తారు. నేనే చదువుకుంటాను. చూడండి ఆశ ఎలాంటిదో, భర్త ఎప్పుడు ఊరికి వెళతాడా అని ఎదురుచూసిన భార్యను నేనే అయ్యుంటాను.

రెండేళ్ళకు అత్తగారు పోయారు. గూడెం ఇల్లు తాళం పెట్టి వదినగారిని మా దగ్గరకు తీసుకొచ్చారు. ఇంట్లో మూడో మనిషై ఆవిడ మెలిగిన తీరుకు వంక పెట్టడానికి లేదు. ఉప్పు సరిపోయిందా అనేది, నీళ్ళు తోడానమ్మా అనేది. ఉత్తరం చదివేటప్పటి ఆ గొంతు మాత్రం మళ్ళీ వినపడలేదు. క్షమించండి వదినగారూ అనడానికి నేను వందసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ప్రతిసారీ ఏదో ఒక గిన్నె తీసుకుని తిరిగొచ్చాను.

ఆ వేసవిలో ఆయనను నెలరోజులపాటు చింతలపూడి పంపారు, అక్కడ కొత్తగా పెట్టే బడి పనుల కోసం. బస్సు ఎక్కించి వచ్చిన దగ్గర నుంచి నేను రోజులు లెక్కపెట్టాను. ఇప్పుడు నాకు చదువొచ్చునని ఆయనకు తెలుసు. కవరు మీద నా పేరుంటే నేనే విప్పుతానని తెలుసు. ఎనిమిదో రోజున వచ్చింది. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, చేతులు కడుక్కుని తుడుచుకుని మరీ విప్పాను.

ఇక్కడ ఎండలు ఎక్కువ. మజ్జిగ దొరుకుతున్నది. వానలు పడకముందే పెంకులు సర్దించవలెను, వాయవ్యం మూల కారుతుంది, మనిషికి దగ్గరుండి చూపించవలెను. అక్కయ్యకు నమస్కారాలు.

వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు. మళ్ళీ ముందుకు తిప్పి చదివాను. ఆయన చెడ్డవాడు కాదు. నలభై ఏళ్ళ కాపురంలో నన్ను ఒక్క మాట అనలేదు, నాకు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి తెల్లారేదాకా కూర్చున్నవాడు. కానీ నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన మనిషి ఆ రైల్లో ఎప్పుడూ లేడు. బావి పక్కన కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నం అది నాకు స్పష్టంగా తెలిసింది. ఆ మనిషి మీద బెంగ పుట్టింది.

ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఈసారి గిన్నె తీసుకోలేదు. వదినగారు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చుని కాగితం ఆవిడ చేతికిచ్చాను.

"చదివి పెట్టండి వదినగారూ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేనూ ఆవిడ మొహంలోకి చూశాను, మొదటి రోజు చూసినట్టే చూడాలని ప్రయత్నించాను. ఆవిడ చేతులు చీరకు తుడుచుకుంది. కాగితం వెలుతురు వైపు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. ఇప్పుడు మొదలుపెడుతుంది, ఎక్కడి నుంచైనా సరే మొదలుపెడుతుంది అనుకున్నాను.

"ఇక్కడ ఎండలు ఎక్కువ" అని చదివింది. "మజ్జిగ దొరుకుతున్నది." ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం తియ్యలేదు. పెంకులు, వాయవ్యం మూల, నమస్కారాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చదివింది.

"ఇంకేం రాయలేదాండీ?" అన్నాను.

"లేదమ్మా" అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి, నా అరచేయి తెరిచి అందులో పెట్టి, వేళ్ళు మూసింది. "నీకు చదువొచ్చేసింది" అంది. తర్వాత బియ్యం చేట మళ్ళీ దగ్గరకు లాక్కుంది.